భాగం – 9: అయస్కాంత ప్రేరణతో మెదడులోని చాలక సంబంధాల అధ్యయనం

విషయక్రమం

9.0 ఉద్దేశాలు
9.1 పరిచయం
9.2 కలిసి పనిచేయడం, కలిసి ఉండటం
9.3 అయస్కాంత ప్రేరణ: చరిత్ర, పనితీరు
9.4 ఒక పల్స్‌తో దారిని కొలవడం
9.5 రెండు పల్స్‌లతో సంబంధాన్ని కొలవడం
9.6 కదలికకు ముందు క్షణాల్లో మారే సంబంధాలు
9.7 అభ్యాసంతో వచ్చే మార్పులు
9.8 పక్షవాతం: కొలత చెప్పేది, చెప్పనిది
9.9 పరిమితులు, జాగ్రత్తలు
9.10 సారాంశం
9.11 ముఖ్య పదాలు
9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• మెదడులోని రెండు ప్రాంతాలు ఒకేసారి పనిచేయడానికీ, ఒకటి మరొకదాన్ని ప్రభావితం చేయడానికీ గల తేడాను వివరించగలుగుతారు.
• అయస్కాంత ప్రేరణ పరికరం పనిచేసే సూత్రాన్ని తెలుపగలుగుతారు.
• ఒక పల్స్, రెండు పల్స్‌ల ప్రయోగాల ఫలితాలను లెక్కకట్టి వ్యాఖ్యానించగలుగుతారు.
• పక్షవాత రోగుల విషయంలో ఈ పద్ధతి ఉపయోగాన్నీ, హద్దులనూ చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

చల్లపల్లికి దగ్గరలోనే, మొవ్వ మండలంలో కూచిపూడి గ్రామం ఉంది. ఆ ఊరి పేరుతోనే లోకానికి తెలిసిన నాట్యంలో తరంగం ఒక ముఖ్యమైన అంశం. నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద రెండు పాదాలూ ఆనించి, తాళానికి తగ్గట్టు పళ్లేన్ని ముందుకూ వెనక్కూ నడుపుతుంది. అదే సమయంలో చేతులు ముద్రలు పడుతుంటాయి, కళ్లు భావాన్ని చెబుతుంటాయి, ఒళ్లు తూలిపోకుండా నిలబడుతుంది. చూసేవారికి ఇదంతా ఒకే పనిలా కనిపిస్తుంది. శరీరధర్మశాస్త్రం దృష్టిలో మాత్రం ఇది చాలా పనుల కూడిక. తర్వాత ఏం చెయ్యాలో ఎంచుకోవడం ఒకటి, కాళ్లకూ చేతులకూ ఆజ్ఞలు పంపడం ఒకటి, జరిగిన కదలికను సరిచూసి దిద్దడం ఇంకొకటి. ఈ పనులను మెదడులోని వేర్వేరు ప్రాంతాలు పంచుకుంటాయి.

ముందరి భాగాల్లో మీరు ఆ ప్రాంతాల పేర్లు చదివారు. చాలక వల్కలం వెన్నుపాముకు ఆజ్ఞలు పంపుతుంది. దాని ముందున్న పూర్వచాలక వల్కలం ఏ కదలిక చెయ్యాలో ఎంచుకోవడంలో పాల్గొంటుంది. పార్శ్వ లంబిక చూపునూ స్పర్శనూ కదలికతో జోడిస్తుంది. అనుమస్తిష్కం కదలికల సమయాన్నీ కొలతనూ సరిదిద్దుతుంది. పేర్లు తెలిసినంత మాత్రాన కదలికల నియంత్రణ అర్థమైనట్లు కాదు. ఏ ప్రాంతం ఏ ప్రాంతానికి కబురు పంపుతోంది? ఎంత సేపట్లో చేరుతోంది? ఆ కబురు ‘కదులు’ అని చెబుతోందా, ‘ఆగు’ అని చెబుతోందా?

ఇవి పరీక్షల కోసం మాత్రమే పుట్టిన ప్రశ్నలు కావు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిన మనిషి ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఆ చెయ్యి మళ్లీ స్వాధీనంలోకి వస్తుందా? మెదడు నుంచి చేతికి వెళ్లే దారి పూర్తిగా తెగిపోయిందా, దారి మిగిలి ఉండి ఆజ్ఞ మాత్రం బయలుదేరడం లేదా అన్నది తెలిస్తే ఆ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది. బయటి నుంచి చూస్తే రెండు సందర్భాల్లోనూ చెయ్యి ఒకేలా వేలాడుతుంది. ఆ తేడాను కనిపెట్టే సాధనాల్లో అయస్కాంత ప్రేరణ ఒకటి. ఆంగ్లంలో దీన్ని ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్ అంటారు. క్లుప్తంగా టీఎంఎస్ అనే పేరే ఎక్కువగా వాడుకలో ఉంది. ఈ భాగంలో మనమూ ఆ పేరే వాడదాం.

9.2 కలిసి పనిచేయడం, కలిసి ఉండటం

కృష్ణా డెల్టాలో పెరిగినవారికి ఈ విషయం తేలికగా అర్థమవుతుంది. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు పెద్ద కాలువల మీదుగా, పిల్ల కాలువల మీదుగా శివారు పొలాల బోదెల వరకూ వస్తుంది. ఒక రోజు పక్కపక్కనున్న రెండు బోదెలూ నిండుగా కనిపించాయనుకోండి. ఒక బోదె నీరు రెండోదానిలోకి పోతోందని దాన్నిబట్టి చెప్పగలమా? రాత్రి వాన పడి రెండూ నిండి ఉండవచ్చు. రెండింటికీ ఒకే కాలువ నుంచి నీరు అందుతూ ఉండవచ్చు. సంగతి తేలాలంటే లస్కరు ఒక తూము తలుపు కాసేపు ఎత్తి దించాలి. అప్పుడు రెండో బోదెలో నీటిమట్టం మారిందా, ఎంత సేపటికి మారింది, ఎంత మారింది అని చూడాలి. అటునుంచి ఇటు కూడా అలాగే పరీక్షిస్తే ప్రవాహం ఏ దిక్కుకో తెలుస్తుంది.

మెదడు చిత్రణ పద్ధతులకూ ఇదే వర్తిస్తుంది. క్రియాత్మక ఎంఆర్ఐ యంత్రం మెదడులో ఏ ప్రాంతానికి రక్త సరఫరా పెరిగిందో చూపుతుంది. దీనితో మన తెలుగు నేల మీది శాస్త్రవేత్తలు కూడా విలువైన పని చేశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన రాజు ఎస్. బాపి, జపాన్‌కు చెందిన కెంజి డోయా తదితరులతో కలిసి, వేళ్లతో మీటలు నొక్కే వరుసలను మనుషులు ఎలా నేర్చుకుంటారో పరిశీలించారు. 2000 సంవత్సరంలో వెలువడిన వారి పత్రం ప్రకారం, వరుసను మొదట ఏ అవయవంతోనూ ముడిపడని రూపంలో నేర్చుకుంటాం. ఆ చేతికే, ఆ వేళ్లకే చెందిన రూపం నెమ్మదిగా, ఎక్కువ అభ్యాసం తరువాత ఏర్పడుతుంది. 2006లో అదే ప్రశ్నను క్రియాత్మక ఎంఆర్ఐతో పరిశీలించి, ఈ రెండు రూపాలకూ మెదడులోని వేర్వేరు జాలికలు ఆధారమని చూపారు.

ఇటువంటి చిత్రాలు ఏయే ప్రాంతాలు పాల్గొన్నాయో చెబుతాయి. అయితే రక్త ప్రవాహంలో మార్పు రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. నాడీ సంకేతం ఒక ప్రాంతం నుంచి మరొకదానికి చేరడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు. పైగా రెండు ప్రాంతాలు ఒకేసారి వెలిగినట్లు కనిపించినా, ఒకటి రెండోదాన్ని నడిపిందని చెప్పలేం. అందుకు తూము తలుపు ఎత్తి చూడటం వంటి పద్ధతి కావాలి. టీఎంఎస్ ప్రత్యేకత అదే. పరిశోధకుడు తాను కోరిన చోట, కోరిన క్షణాన మెదడును తట్టి, ఫలితం మరోచోట ఎప్పుడు, ఎంత కనిపించిందో కొలుస్తాడు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
క్రియాత్మక ఎంఆర్ఐలో రెండు ప్రాంతాలు ఒకేసారి చురుకుగా కనిపిస్తే, వాటి మధ్య ప్రత్యక్ష సంబంధం రుజువైనట్లేనా?
జవాబు: కాదు. మూడో ప్రాంతం ఏదో రెండింటినీ నడుపుతూ ఉండవచ్చు. ఒకదాన్ని ప్రేరేపించి రెండోదానిలో మార్పును కొలిస్తేనే ప్రభావం, దిశ, సమయం తెలుస్తాయి.

9.3 అయస్కాంత ప్రేరణ: చరిత్ర, పనితీరు

మెదడు ఉపరితలాన్ని విద్యుత్తుతో తాకితే కండరాలు కదులుతాయని 1870లో జర్మనీలో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే వైద్యులు కుక్కలపై చేసిన ప్రయోగాల్లో చూపారు. శస్త్రచికిత్స జరుగుతున్న రోగులలో కెనడాకు చెందిన వైల్డర్ పెన్‌ఫీల్డ్, బోల్డ్రే మనిషి చాలక వల్కలంలో ఏ శరీర భాగానికి ఏ చోటు కేటాయించి ఉందో పటం గీసి 1937లో ప్రచురించారు. ఇవన్నీ కపాలం తెరిస్తేనే సాధ్యమయ్యే పనులు. 1980లో ఇంగ్లండులో మెర్టన్, మోర్టన్ కపాలం తెరవకుండా, తల చర్మం మీద నుంచే విద్యుత్తు పంపి చేతి కండరాన్ని కదిలించారు. పద్ధతి పనిచేసింది కాని నొప్పి ఎక్కువ. చర్మం, ఎముక విద్యుత్తుకు అడ్డుపడటమే దీనికి కారణం.

అయస్కాంత క్షేత్రానికి ఆ అడ్డు లేదు. అది చర్మాన్నీ ఎముకనూ దాదాపు తగ్గకుండా దాటిపోతుంది. మారుతున్న అయస్కాంత క్షేత్రం దగ్గరలోని వాహకంలో విద్యుత్తును పుట్టిస్తుందని మైకేల్ ఫారడే 1831లోనే కనుక్కున్నాడు. ఈ సూత్రంతో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులు 1985లో మనిషి చాలక వల్కలాన్ని నొప్పి లేకుండా ప్రేరేపించి చూపారు. నేటి టీఎంఎస్‌కు అదే ఆరంభం.

పరికరంలో రెండు ముఖ్య భాగాలున్నాయి. ఒకటి, విద్యుదావేశాన్ని నిలువచేసే కెపాసిటర్. రెండు, రాగి తీగచుట్ట. కెపాసిటర్‌లోని ఆవేశాన్ని తీగచుట్టలోకి వదిలితే వేల ఆంపియర్ల విద్యుత్తు ఒక మిల్లీసెకను కన్న తక్కువ కాలం ప్రవహిస్తుంది. దానితో తీగచుట్ట దగ్గర 1.5 నుంచి 2 టెస్లాల వరకు అయస్కాంత క్షేత్రం లేచి పడిపోతుంది. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 0.00004 టెస్లాలు మాత్రమేనని గుర్తుంచుకుంటే ఈ బలం ఎంతో తెలుస్తుంది. ఇంత వేగంగా మారే క్షేత్రం మెదడు కణజాలంలో స్వల్ప విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ విద్యుత్తు నాడీతంతువులను ఉత్తేజపరుస్తుంది. మెదడును తాకేది చివరకు విద్యుత్తే. అయస్కాంతం దాన్ని నొప్పి లేకుండా లోపలికి చేర్చే వాహనం మాత్రమే.

గుండ్రటి తీగచుట్ట ప్రభావం విశాలంగా పరచుకుంటుంది. ఎనిమిది అంకె ఆకారంలో రెండు చుట్టలు కలిపితే, అవి కలిసే చోట ప్రభావం కేంద్రీకృతమవుతుంది. జపాన్ శాస్త్రవేత్త ఉయెనో, ఆయన సహచరులు 1988లో దీన్ని చూపారు. సంబంధాల అధ్యయనానికి సాధారణంగా ఈ రకం తీగచుట్టనే వాడతారు.

9.4 ఒక పల్స్‌తో దారిని కొలవడం

ఎడమ చాలక వల్కలంలో చేతికి చెందిన చోట తీగచుట్టను ఉంచి ఒక పల్స్ ఇస్తే, కుడి చేతి వేళ్లు ఉలిక్కిపడినట్లు కదులుతాయి. ఎడమ మెదడు నుంచి దిగే చాలక తంతువుల్లో అధిక భాగం మజ్జాముఖం దగ్గర కుడివైపుకు దాటడమే ఇందుకు కారణం. బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ ఉన్న కండరం మీద చర్మానికి ఎలక్ట్రోడులు అంటించి, ఈ కదలికను విద్యుత్ తరంగంగా నమోదు చేస్తారు. దాన్ని చాలక ప్రేరిత స్పందన అంటారు. ఇకపై కండర స్పందన అందాం. దీనినుంచి మూడు కొలతలు తీసుకోవచ్చు.

(అ) చాలక అవధి: కండరం విశ్రాంతిలో ఉన్నప్పుడు, పది పల్స్‌లలో కనీసం ఐదింటికి 50 మైక్రోవోల్టులు లేదా అంతకు మించిన స్పందన రాబట్టే అత్యల్ప బలాన్ని విశ్రాంత చాలక అవధి అంటారు. ఇది మనిషి మనిషికీ మారుతుంది. అందుకే ప్రయోగంలో పల్స్ బలాన్ని ఆయా వ్యక్తి అవధిలో ఇంత శాతమని చెబుతారు.

(ఆ) స్పందన పరిమాణం: పల్స్ ఎక్కువగా వల్కలం నుంచి వెలువడే నాడీకణాలను నేరుగా కాక, వాటికి సంకేతాలు తెచ్చే తంతువుల ద్వారా ఉత్తేజపరుస్తుంది. కనుక ఆ క్షణంలో వల్కలం ఎంత సిద్ధంగా ఉందో స్పందన పరిమాణంలో తెలుస్తుంది. తరువాతి ప్రయోగాలన్నిటికీ ఈ లక్షణమే ఆధారం.

(ఇ) గుప్తకాలం: పల్స్‌కూ స్పందనకూ మధ్య గడిచే కాలం. చేతి కండరాలకు ఇది సుమారు 20 మిల్లీసెకన్లు. కాలి కండరాలకు దూరం ఎక్కువ కనుక మరింత పడుతుంది.

గుప్తకాలం నుంచి కేంద్ర చాలక వహన కాలాన్ని లెక్కకట్టే విధానం చూడండి.

ఉదాహరణ: తల మీద పల్స్ ఇచ్చినప్పుడు చేతి కండర స్పందన 21 మిల్లీసెకన్లకు వచ్చింది. మెడ దగ్గర, వెన్నుపాము నుంచి నాడులు బయటికి వచ్చే చోట పల్స్ ఇచ్చినప్పుడు అదే కండరంలో స్పందన 14 మిల్లీసెకన్లకు వచ్చింది. మెదడు నుంచి మెడ వరకు పట్టిన కాలం 21 – 14 = 7 మిల్లీసెకన్లు.

ఈ కాలం మామూలు కన్న ఎక్కువగా ఉంటే మెదడుకూ మెడకూ మధ్య దారిలో ఎక్కడో వహనం మందగించిందని అర్థం. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయినవారిలోనూ, తంతువుల మీది మైలిన్ పొర దెబ్బతిన్నవారిలోనూ వైద్యులు ఈ కొలతను ఉపయోగిస్తారు.

9.5 రెండు పల్స్‌లతో సంబంధాన్ని కొలవడం

ఒక పల్స్ దారిని కొలుస్తుంది. రెండు ప్రాంతాల మధ్య సంబంధాన్ని కొలవాలంటే రెండు పల్స్‌లు కావాలి. మొదటిదాన్ని ముందస్తు పల్స్ అనీ, రెండోదాన్ని పరీక్ష పల్స్ అనీ అందాం. పరీక్ష పల్స్‌ను ఎప్పుడూ చాలక వల్కలం మీదే ఇచ్చి, కండర స్పందన ఎంత వచ్చిందో చూస్తారు. ముందస్తు పల్స్‌ను మనం తెలుసుకోదలచిన ప్రాంతం మీద, కొన్ని మిల్లీసెకన్ల ముందు ఇస్తారు. ఆ ప్రాంతం నుంచి చాలక వల్కలానికి దారి ఉంటే, స్పందన పరిమాణం మారుతుంది. తగ్గితే ఆ సంబంధం నిరోధించేది, పెరిగితే ఉత్తేజపరిచేది.

ఉదాహరణ: పరీక్ష పల్స్ ఒక్కదానికే సగటు స్పందన 1.0 మిల్లీవోల్టు. ముందస్తు పల్స్ జోడించినప్పుడు 0.6 మిల్లీవోల్టు. నిష్పత్తి 0.6 ÷ 1.0 = 0.6, అంటే 60 శాతం. స్పందన 40 శాతం తగ్గింది. కనుక ఈ వ్యవధిలో ఆ సంబంధం నిరోధాన్ని కలిగిస్తోంది.

ఈ తర్కంతో బయటపడిన నాలుగు ముఖ్య సంబంధాలను పరిశీలిద్దాం.

(1) చాలక వల్కలం లోపలి సంబంధం. రెండు పల్స్‌లనూ ఒకే తీగచుట్టతో ఒకే చోట ఇస్తారు. ముందస్తు పల్స్ అవధి కన్న తక్కువ బలంతో ఉంటుంది. 1993లో కుజిరాయ్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగంలో, వ్యవధి 1 నుంచి 6 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు స్పందన తగ్గింది. 10 నుంచి 15 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు పెరిగింది. తగ్గుదల గాబా అనే నాడీ ప్రసారకాన్ని విడుదల చేసే చిన్న నాడీకణాల పని. ఒక వేలును కదిలిస్తే పక్క వేలు కదలకుండా ఉండటానికి ఇటువంటి స్థానిక నిరోధం తోడ్పడుతుందని భావిస్తారు.

(2) ఒక అర్ధగోళం నుంచి మరొకదానికి. 1992లో ఫెర్బర్ట్, ఆయన సహచరులు ఒక చాలక వల్కలం మీద ముందస్తు పల్స్, రెండోదాని మీద పరీక్ష పల్స్ ఇచ్చారు. వ్యవధి 10 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఉన్నప్పుడు స్పందన స్పష్టంగా తగ్గింది. రెండు అర్ధగోళాలనూ కలిపే కార్పస్ కెలోసమ్ అనే తంతువుల కట్ట ద్వారా ఈ నిరోధం సాగుతుంది.

(3) అనుమస్తిష్కం నుంచి చాలక వల్కలానికి. తల వెనుక ఒక పక్కన ముందస్తు పల్స్ ఇచ్చి, 5 నుంచి 7 మిల్లీసెకన్ల తరువాత ఎదుటి వైపు చాలక వల్కలాన్ని పరీక్షిస్తే స్పందన తగ్గుతుందని ఉగావా, ఆయన సహచరులు 1995లో చూపారు. అనుమస్తిష్కాన్ని ఉత్తేజపరిస్తే స్పందన తగ్గడమేమిటని మీకు సందేహం రావచ్చు. అనుమస్తిష్క వల్కలంలోని పర్కింజీ కణాలు నిరోధక కణాలు. అవి లోపలి కేంద్రకాలను అణచివేస్తాయి. ఆ కేంద్రకాలు మామూలుగా థలామస్ మీదుగా చాలక వల్కలానికి ఉత్తేజాన్ని అందిస్తుంటాయి. పర్కింజీ కణాలను తట్టినప్పుడు ఆ ఉత్తేజం క్షణకాలం ఆగిపోతుంది. అందువల్ల స్పందన చిన్నదవుతుంది.

(4) పూర్వచాలక వల్కలం, పార్శ్వ లంబిక నుంచి చాలక వల్కలానికి. ఈ సంబంధాల దిశ ముందస్తు పల్స్ బలాన్నిబట్టి, వ్యవధినిబట్టి, ముఖ్యంగా ఆ సమయంలో మనిషి ఏం చేస్తున్నాడన్నదాన్నిబట్టి మారుతుంది. ఈ చివరి మాటను తరువాతి విభాగంలో వివరంగా చూద్దాం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
పరీక్ష పల్స్ స్పందన 0.8 మిల్లీవోల్టు. ముందస్తు పల్స్ జోడిస్తే 1.2 మిల్లీవోల్టులు. ఈ సంబంధం ఎటువంటిది?
జవాబు: నిష్పత్తి 1.2 ÷ 0.8 = 1.5. స్పందన 50 శాతం పెరిగింది కనుక ఉత్తేజపరిచే సంబంధం.

9.6 కదలికకు ముందు క్షణాల్లో మారే సంబంధాలు

పాఠ్యపుస్తకంలోని పటాల్లో మెదడు ప్రాంతాల మధ్య బాణం గుర్తులు గీసి ఉంటాయి. ఆ బాణాలు ఎప్పుడూ ఒకే బలంతో, ఒకే అర్థంతో ఉంటాయని అనుకోవడం సహజం. టీఎంఎస్ ప్రయోగాలు నేర్పిన ముఖ్య పాఠం దీనికి భిన్నమైనది. దారి ఉండటం వేరు, ఆ దారిలో ఆ క్షణాన ఏం నడుస్తోందన్నది వేరు. తూము అదే అయినా నాట్లప్పుడు తలుపు ఎత్తి, కోతలప్పుడు దించినట్లు, ఒకే సంబంధం సందర్భాన్నిబట్టి తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.

ఎదురుగా వెలుగు కనిపించగానే వేలు కదిలించమని ఒకరిని అడిగామనుకోండి. వెలుగు కనిపించడానికీ వేలు కదలడానికీ మధ్య సెకనులో చిన్న భాగం గడుస్తుంది. ఆ వ్యవధిలో వేర్వేరు క్షణాల్లో రెండు పల్స్‌ల ప్రయోగం చేస్తే, సంబంధం ఎలా మారుతోందో క్షణక్షణం చూడవచ్చు. కదలని చేతికి చెందిన అర్ధగోళం నుంచి కదలబోయే చేతికి చెందిన అర్ధగోళానికి వెళ్లే సంబంధం మొదట నిరోధిస్తూ ఉంటుంది. ఆరోగ్యవంతులలో కదలిక మొదలయ్యే సమయం దగ్గరపడేకొద్దీ ఈ నిరోధం సడలి, చివరి క్షణాల్లో ఉత్తేజంగా మారుతుంది. మురాసె, కోహెన్ తదితరులు 2004లో ఈ విషయాన్ని ప్రచురించారు.

పూర్వచాలక వల్కలం విషయంలోనూ ఇటువంటిదే కనిపించింది. ఏ చేతిని కదిలించాలో సంకేతం వచ్చిన తరువాత మాత్రమే తెలిసేటట్లు కోఖ్, ఆయన సహచరులు ఒక ప్రయోగం రూపొందించి 2006లో ఫలితాలు వెల్లడించారు. సంకేతం తరువాత సెకనులో పదో వంతు గడవక ముందే, పూర్వచాలక వల్కలం నుంచి ఎదుటి వైపు చాలక వల్కలానికి వెళ్లే ప్రభావం ఎంచుకున్న చేతినిబట్టి మారింది. చెయ్యి కదలక ముందే ఎంపిక తాలూకు ఆనవాలు కొలతకు చిక్కింది.

తరంగం నర్తించేవారి కాళ్లూ చేతులూ వేర్వేరు పనులు చేస్తున్నా ఒకదానితో ఒకటి ఎందుకు చిక్కుపడవు అన్న ప్రశ్నకు ఇందులో ఒక సూచన ఉంది. కావలసిన కదలికను లేపడం ఎంత ముఖ్యమో, అక్కరలేని కదలికను ఆ క్షణానికి ఆపి ఉంచడమూ అంతే ముఖ్యం. నైపుణ్యంలో నిరోధానికి పెద్ద పాత్ర ఉంది.

9.7 అభ్యాసంతో వచ్చే మార్పులు

పాస్కల్-లియోన్, ఆయన సహచరులు 1995లో ప్రచురించిన ప్రయోగం అభ్యాసానికి సంబంధించి ప్రసిద్ధమైనది. పియానో రానివారికి ఐదు వేళ్లతో వాయించే ఒక చిన్న పాఠం ఇచ్చి, రోజుకు రెండు గంటల చొప్పున ఐదు రోజులు సాధన చేయించారు. ప్రతిరోజూ టీఎంఎస్‌తో ఆ వేళ్ల కండరాల స్పందన ఎంత మేర వల్కలం నుంచి వస్తోందో పటం గీశారు. రోజులు గడిచేకొద్దీ పటం విస్తరించింది, చాలక అవధి తగ్గింది. మరో బృందం వేళ్లు కదపకుండా, అదే పాఠాన్ని మనసులోనే వాయించింది. వారి పటం కూడా ఇంచుమించు అంతే మార్పు చూపింది. వాయించే తీరులో మాత్రం, మనసులో సాధన చేసినవారు ఐదో రోజుకు చేతితో సాధన చేసినవారి మూడో రోజు స్థాయికి చేరారు.

కూచిపూడిలోనైనా, సంగీతంలోనైనా గురువులు శిష్యులను పాఠం మనసులో ‘నడిపించుకోమని’ చెప్పడం మీరు వినే ఉంటారు. ఆ ఆచారానికి ఈ ప్రయోగం కొంత బలం ఇస్తుంది. అయితే ఈ ప్రయోగం ఐదు రోజుల వేళ్ల సాధన గురించినదని మరచిపోకూడదు. ఏళ్ల తరబడి సాగే నాట్యశిక్షణకు దీన్ని యథాతథంగా అన్వయించలేం.

9.8 పక్షవాతం: కొలత చెప్పేది, చెప్పనిది

పరిచయంలో వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో, చెయ్యి దాదాపు కదలని స్థితిలో, దెబ్బతిన్న వైపు చాలక వల్కలం మీద పల్స్ ఇస్తారు. ఆ చేతి కండరంలో స్పందన వస్తే, రోగి తనంతట తాను కదపలేకపోతున్నా, మెదడు నుంచి చేతికి దారి కొంతైనా మిగిలి ఉందని అర్థం.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో కేథీ స్టినియర్, ఆమె సహచరులు దీని ఆధారంగా ఒక అంచనా పద్ధతిని రూపొందించి 2012లోనూ, సవరించి 2017లోనూ ప్రచురించారు. మూడో రోజున భుజం పక్కకు ఎత్తగలగడానికీ, వేళ్లు చాపగలగడానికీ ఒక్కొక్కదానికి 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 5 గాని, అంతకు మించి గాని వస్తే టీఎంఎస్ అవసరమే లేదు, కోలుకునే అవకాశం బాగుంటుంది. 5 కన్న తక్కువ వచ్చినవారికి మొదటి వారంలోనే టీఎంఎస్ చేస్తారు. స్పందన ఉంటే మూడు నెలలకు చేతి వాడకం చాలావరకు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. లేకపోతే అవకాశాలు తగ్గుతాయి. సవరించిన పద్ధతి సుమారు 75 శాతం రోగుల విషయంలో సరైన అంచనా ఇచ్చింది. అంటే నలుగురిలో ఒకరి విషయంలో తప్పుతుంది. ఇది చికిత్స ప్రణాళికకు తోడ్పడే అంచనా. జాతకం కాదు.

రెండో అంశంలో మరింత జాగ్రత్త అవసరం. ఇంతకుముందు చెప్పిన 2004 నాటి అధ్యయనం, పక్షవాతం వచ్చి చాలా కాలమైన రోగులను కూడా పరిశీలించింది. వారు బలహీనమైన చేతిని కదపబోయేటప్పుడు, ఆరోగ్యవంతమైన అర్ధగోళం నుంచి దెబ్బతిన్న అర్ధగోళానికి వెళ్లే నిరోధం సడలకుండా నిలిచిపోయింది. దీన్నిబట్టి ఒక ఆలోచన పుట్టింది: మంచి వైపును కాస్త అణచివేస్తే, దెబ్బతిన్న వైపు కోలుకుంటుంది కదా! సెకనుకు ఒకటి చొప్పున చాలాసేపు ఇచ్చే పల్స్‌లు వల్కలం ఉత్తేజ్యతను తగ్గిస్తాయని అప్పటికే తెలుసు. చిన్న అధ్యయనాల్లో కొన్ని ఆశాజనకంగా వచ్చాయి.

తరువాత అమెరికాలో పలు కేంద్రాలు కలిసి పెద్ద పరీక్ష నిర్వహించాయి. దాని ఫలితాలు 2018లో వెలువడ్డాయి. నిజమైన ప్రేరణ పొందినవారు మెరుగుపడ్డారు. నకిలీ ప్రేరణ పొందినవారూ దాదాపు అంతే మెరుగుపడ్డారు. రెండు బృందాలకూ చేతి వ్యాయామ శిక్షణ ఇచ్చారన్నది ఇక్కడ గమనించాలి. 2019లో షూ, క్రకౌర్, సెల్నిక్ తదితరులు రోగులను తొలి వారాల నుంచి ఏడాది వరకు పదేపదే కొలిచారు. కోలుకోవడం ఎక్కువగా జరిగే తొలి కాలంలో ఈ నిరోధం మామూలుగానే ఉంది. అసాధారణత దీర్ఘకాలంలోనే బయటపడింది. అంటే అది బలహీనతకు కారణం కాకపోవచ్చు, దాని పర్యవసానం కావచ్చు.

ఈ కథ నుంచి మీరు గ్రహించవలసింది ఒకటుంది. రెండు ప్రాంతాల మధ్య ప్రభావాన్ని టీఎంఎస్ నేరుగా చూపగలదు. కాని ఆ ప్రభావమే రోగి బలహీనతకు కారణమని చెప్పాలంటే కాలక్రమంలో కొలిచి చూడాలి, చికిత్సతో మార్చి చూడాలి, నకిలీ చికిత్సతో పోల్చి చూడాలి. ‘మెదడులో అసమతుల్యతను సరిచేస్తాం’ అనే ప్రకటన కనిపించినప్పుడు, అప్పు చేసి డబ్బు కట్టే ముందు ఒక కుటుంబం అడగవలసిన ప్రశ్నలూ ఇవే. నాడీవైద్యుని సలహా, క్రమం తప్పని వ్యాయామ శిక్షణ ఇప్పటికీ ప్రధానమైనవి.

9.9 పరిమితులు, జాగ్రత్తలు

సాధారణ తీగచుట్ట ప్రభావం తల చర్మం నుంచి 2, 3 సెంటీమీటర్ల లోతు వరకే బలంగా ఉంటుంది. బేసల్ గాంగ్లియా వంటి లోతైన ప్రాంతాలను నేరుగా తట్టలేం. వాటి ప్రభావాన్ని వల్కలంలో కనిపించే మార్పుల ద్వారా పరోక్షంగా ఊహించాలి. కండర స్పందన వెన్నుపాము మీద కూడా ఆధారపడుతుంది. కనుక మార్పు వల్కలంలోనే జరిగిందని చెప్పడానికి అదనపు పరీక్షలు అవసరం. పల్స్ ఇచ్చినప్పుడు వచ్చే టక్కు శబ్దం, చర్మం మీద తట్టినట్లుండే స్పర్శ కూడా ఫలితాన్ని మార్చగలవు. అందుకే నకిలీ ప్రేరణతో పోల్చడం తప్పనిసరి. స్పందనలు పల్స్ పల్స్‌కూ మారుతుంటాయి కనుక సగటు తీసుకోవాలి.

తలలో లోహపు క్లిప్పులు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారికి టీఎంఎస్ చేయరాదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు ముందుగానే చెప్పాలి. నియమాలు పాటిస్తే మూర్ఛ రావడం చాలా అరుదు. తలనొప్పి, మెడనొప్పి కొందరికి వచ్చి తగ్గిపోతాయి. శబ్దం వల్ల చెవులకు హాని కలగకుండా ఇయర్‌ప్లగ్‌లు వాడతారు.

9.10 సారాంశం

కదలికల నియంత్రణలో మెదడులోని పలు ప్రాంతాలు పాల్గొంటాయి. చిత్రణ పద్ధతులు వాటిని గుర్తిస్తాయి. టీఎంఎస్ ఒక ప్రాంతాన్ని తట్టి, ప్రభావం ఏ దిశలో, ఎంత కాలంలో, ఎంత మేర చేరిందో కొలుస్తుంది. ఒక పల్స్‌తో మెదడు నుంచి కండరానికి గల దారినీ, రెండు పల్స్‌లతో మెదడు ప్రాంతాల మధ్య నిరోధ, ఉత్తేజ సంబంధాలనూ తెలుసుకోవచ్చు. ఈ సంబంధాలు స్థిరమైనవి కావు. కదలికకు ముందు మిల్లీసెకన్లలోనూ, అభ్యాసంతో రోజుల్లోనూ మారతాయి. పక్షవాత రోగులలో దారి మిగిలి ఉందో లేదో తెలుసుకోవడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. అయితే కొలతలో కనిపించిన ప్రతి మార్పునూ వ్యాధికి కారణంగా భావించరాదు.

9.11 ముఖ్య పదాలు

చాలక వల్కలం: వెన్నుపాముకు కదలికల ఆజ్ఞలు పంపే మస్తిష్క వల్కల భాగం.
కండర స్పందన: మెదడుపై పల్స్ ఇచ్చినప్పుడు కండరంలో నమోదయ్యే విద్యుత్ తరంగం.
చాలక అవధి: కండర స్పందన రాబట్టడానికి కావలసిన అత్యల్ప పల్స్ బలం.
గుప్తకాలం: పల్స్‌కూ స్పందనకూ మధ్య గడిచే కాలం.
కేంద్ర చాలక వహన కాలం: సంకేతం మెదడు నుంచి వెన్నుపాము నాడీమూలం వరకు చేరే కాలం.
ముందస్తు పల్స్: పరీక్ష పల్స్‌కు ముందు, తెలుసుకోదలచిన ప్రాంతంపై ఇచ్చే పల్స్.
నకిలీ ప్రేరణ: శబ్దం, స్పర్శ ఉన్నా మెదడును ఉత్తేజపరచని ప్రేరణ. పోలిక కోసం వాడతారు.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రెండు పల్స్‌ల పద్ధతిని వివరించి, దానితో తెలిసిన నాలుగు సంబంధాలను చర్చించండి.
2. పక్షవాత రోగులలో అర్ధగోళాల మధ్య నిరోధంపై జరిగిన పరిశోధన కారణానికీ పర్యవసానానికీ గల తేడాను ఎలా చూపుతుందో రాయండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అనుమస్తిష్కాన్ని ప్రేరేపిస్తే కండర స్పందన ఎందుకు తగ్గుతుంది?
2. తలపై పల్స్‌కు గుప్తకాలం 24 మిల్లీసెకన్లు, మెడపై పల్స్‌కు 14 మిల్లీసెకన్లు. కేంద్ర చాలక వహన కాలం కనుక్కోండి. పైన ఇచ్చిన ఉదాహరణతో పోల్చి వ్యాఖ్యానించండి.
3. మీ ప్రాంతంలోని ఏదైనా చేతివృత్తిని గాని, కళను గాని తీసుకొని, అందులో కదలికను ఆపి ఉంచవలసిన సందర్భాలను గుర్తించండి.